గోడకు నెమ్ము, ఇంట్లో ఆయాసం

గోడ చెమ్మగిల్లినా నెమ్ము అంటాం, పిల్లలకు రొమ్ము పట్టేసినా నెమ్ము చేసిందంటాం. ఈ రెండూ ఒకటి కావు. అయితే చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం, శ్వాసకోశ వ్యాధులు ఎక్కువగా కనబడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రచురించిన మార్గదర్శకాలలో తెలిపింది.

ఆయాసం తగ్గి మా వార్డు నుండి ఇంటికి వెళ్ళిన ఒక బాబు మూడు వారాలకే పిల్లికూతలతో తిరిగి వచ్చాడు. మందులు సరిగానే వాడారు. ఇంటి సంగతి అడిగితే, "గోడంతా మచ్చలుగా ఉందని బాబు వచ్చేలోపు ఆయిల్ పెయింట్ వేయించాం సిస్టర్" అన్నది తల్లి. ప్రేమతో చేసిన పనే. కాని కొత్త రంగు వాసన ఉబ్బసానికి పడదు, పైగా నెమ్ము లోపలే ఉండిపోయింది.

అదెలాగో మంచినీళ్ళ కుండను చూస్తే తెలుస్తుంది. కుండలోని నీరు సన్నని రంధ్రాల గుండా ఊరి, పైకి వచ్చి ఆవిరవుతుంది. కుండకు రంగు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇటుక, మట్టి, సున్నం, సిమెంటు పూత, అన్నింటికీ ఇలాంటి రంధ్రాలున్నాయి. నీటి ఆవిరి ఎక్కువ ఉన్న వైపు నుండి తక్కువ ఉన్న వైపుకు వాటి గుండా మెల్లగా పోతుంది. నేల నుండి గోడలోకి ఎక్కిన తడి కూడా ఇలాగే ఆరుతుంది. ఆయిల్ పెయింట్ వేస్తే అది ఆరలేక రంగు బుడగలు లేచి పెచ్చులు ఊడుతుంది. సున్నం వేస్తే ఆవిరికి దారి ఉంటుంది, బూజు కూడా అంత త్వరగా పట్టదు.

ఇంట్లో ఆవిరి ఎక్కడిదంటారా? మన శ్వాస, చెమట, స్నానం, లోపల ఆరేసిన బట్టలు. గ్యాసు మండినా నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి 20 లీటర్లకు పైగా నీరు ఆవిరై ఇంట్లోకి వస్తుంది! చలికాలం తెల్లవారుజామున అది చల్లని గోడకు తగిలి, చల్లనీళ్ళ గ్లాసుకు పట్టినట్టు చెమ్మగా పడుతుంది. గాలి ఆడని బీరువా వెనుక బూజు మొదలయ్యేది అందుకే.

ముందు తడి ఎక్కడినుండి వస్తున్నదో చూడండి: కారే పైపు, పగిలిన స్లాబు, గోడ పక్కన నిలిచే నీరు. దాన్ని బాగుచేయించి, గోడను పూర్తిగా ఆరనివ్వండి. రంగు మాట తర్వాత. బీరువా, మంచం గోడకు జానెడు దూరం జరపండి. వండేటప్పుడు వంటింటి కిటికీ తెరవండి. వానాకాలంలో బయటి గాలే తేమగా ఉంటుంది కనుక ఎండ కాసినప్పుడు తలుపులు తీయండి.

బూజును పొడి చీపురుతో దులపకండి, గాలిలో కలుస్తుంది. రోగిని వేరే గదిలో ఉంచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెట్టండి. బ్లీచింగ్‌ను, బాత్‌రూమ్ యాసిడ్‌ను ఎన్నడూ కలపవద్దు, విషవాయువు వస్తుంది.

గోడ బాగైందని ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు మానవద్దు. తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఇంటి సంగతి కూడా డాక్టరుగారికి చెప్పండి.