లోపలా? బయటా?

విజయవాడకు పుదుచ్చేరి ఏ దిక్కున ఉంది? దక్షిణాన, కాస్త తూర్పుకు అనిపిస్తుంది. అది సముద్రపుటొడ్డు ఊరు కదా మరి! పటం తీస్తే విజయవాడ 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, పుదుచ్చేరి 79.8 మీద కనిపిస్తాయి. కడలిని ఆనుకున్న ఊరే పడమరకు జరిగింది.

1978లో స్టీవెన్స్, కూప్ అనే పరిశోధకులు అమెరికాలో ఇలాంటి ప్రశ్నే వేశారు. నెవాడాకు కాలిఫోర్నియా పడమర కాబట్టి, కాలిఫోర్నియాలోని శాన్ డియాగో కూడా నెవాడాలోని రెనోకు పడమరే అనుకున్నారు జనం. నిజానికి రెనోయే పడమర. మనసు ఒక్కో ఊరి చోటునూ విడిగా గుర్తుపెట్టుకోదు. రాష్ట్రాన్ని గుర్తుపెట్టుకుని, ఊళ్లను అందులో సర్దేస్తుంది.

ఆ సర్దుబాటు పుదుచ్చేరిలో కుదరదు. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో కారైకాల్ తమిళనాట, మాహే కేరళ తీరాన, యానాం మన గోదావరి పక్కన ఉన్నాయి. కాకినాడ నుంచి యానాంకు గంట ప్రయాణం. పుదుచ్చేరి నుంచైతే నేరుగా గీత గీసినా దాదాపు 590 కిలోమీటర్లు!

పోనీ, పుదుచ్చేరి జిల్లా అయినా ఒక్క ముక్కా? అదీ కాదు. ఫ్రెంచివాళ్లకు విల్లియనూరు, బాహూరు వంటి ప్రాంతాలు ఒక్కసారిగా రాలేదు. ఒప్పందానికి కొన్ని ఊళ్ల చొప్పున దక్కాయి. మధ్యలో మిగిలినవి ఇంగ్లీషు వాళ్ల ఏలుబడిలోకి వెళ్లాయి. అందుకే నేటికీ బస్సులో వెళ్తుంటే తమిళనాడు వచ్చి పోతుంటుంది. ప్రయాణికులకు ఆనవాళ్లు మద్యం దుకాణాలు, పెట్రోలు ధర, పీవై నంబరు ప్లేట్లు.

కంప్యూటర్‌కు ఆ ఆనవాళ్లేవీ అక్కర్లేదు. దానికి సరిహద్దంటే వరసగా కలిపిన బిందువులు. ఒక ఇల్లు పుదుచ్చేరిలో ఉందో లేదో తేల్చడానికి ఆ ఇంటి నుంచి ఏదో ఒక దిక్కుకు, పటం అంచులు దాటేదాకా గీత లాగుతుంది. గీత సరిహద్దును ఎన్నిసార్లు దాటిందో లెక్కపెడుతుంది. బేసి సంఖ్య వస్తే ఇల్లు లోపల, సరి సంఖ్య వస్తే బయట. ప్రాంతం ఎన్ని ముక్కలైనా, ముక్క నడుమ పరాయి ఊరున్నా ఈ సూత్రం తప్పదు. ఇంత మొండి లెక్క మనిషి బుర్రకు ఎక్కదు, ఎక్కాల్సిన పనీ లేదు.

పట్టణంలోకి వస్తే మాత్రం మనిషిదే పైచేయి. 1693 నుంచి 1699 వరకు ఊరు డచ్చివాళ్ల చేతిలో ఉంది. అప్పుడు వేసిన నిలువు, అడ్డ వీధుల పథకమే ఈ ఊరికి పునాది. తూర్పున సముద్రం, నడుమ కాలువ. కాలువకు అటు ఫ్రెంచి పేట, ఇటు తమిళ పేట. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే ఫోను జేబులో పెట్టేయొచ్చు. బీచ్ రోడ్డన్నా, గూబెర్ అవెన్యూ అన్నా, ప్రొమెనాడ్ అన్నా ఆటోవాలా గాంధీ విగ్రహం దగ్గరే దింపుతాడు. కంప్యూటర్‌కైతే ఆ మూడు పేర్లూ ఒకే వీధివని ఎవరో ఎక్కించి పెట్టాలి. కాకపోతే ఇక్కడి ‘సముద్రం తూర్పు’ సూత్రాన్ని మాహేకు పట్టుకెళ్లకండి, అక్కడ సముద్రం పడమట!

నన్నడిగితే వీధులకు మనిషిని, సరిహద్దులకు యంత్రాన్ని నమ్మాలి. చట్టం మాత్రం ఈ రెంటినీ పట్టించుకోదు. దాని పటంలో దగ్గర, దూరం వేరు. పుదుచ్చేరి మొత్తం మద్రాసు హైకోర్టు పరిధిలోనే ఉంది. యానాం వాసి హైకోర్టు మెట్లెక్కాలంటే వెళ్లాల్సింది అమరావతికి కాదు, చెన్నైకి.