వానాకాలపు వాతావరణం – ఒడ్డు నుంచి పండుగప్ప వేట

గోదావరి, కృష్ణా నదీముఖాల్లో పండుగప్పగా పేరొందిన చేపనే ఆస్ట్రేలియాలో బారాముండి అంటారు. దీని శాస్త్రీయ నామం లేటిస్ కాల్కారిఫర్. ఉత్తర ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా డార్విన్ పరిసర నదుల్లో, దీనిని గాలంతో పట్టడం ఎందరికో ఇష్టమైన వ్యాపకం. పడవ ఉన్నవారు చేపను వెతుక్కుంటూ వెళ్లగలరు. ఏటి గట్టు మీదనో, రహదారి తూము పక్కనో నిలబడినవారి వద్దకు మాత్రం చేపే రావాలి. అందుచేత వాతావరణపు మార్పులు వీరి వేటనే ఎక్కువగా శాసిస్తాయి. వాన కురిస్తే చేప పడుతుందన్న నమ్మకం అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది. అది సగమే నిజం. పండుగప్పను ఒడ్డుకు అందుబాటులోకి తెచ్చేది కురిసే వాన కాదు, కురిసిన తరువాత తీసే నీరు.

డార్విన్‌లో సాలీనా సుమారు 1,700 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో అత్యధిక భాగం నవంబరు – ఏప్రిల్ మధ్యనే. జూన్ నుంచి ఆగస్టు వరకు వాన దాదాపు ఉండదు, నీరు చల్లబడుతుంది, చేప మేత తగ్గిస్తుంది. 26 – 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దీనికి అనుకూలం. కనుక అక్టోబరు ఉక్కపోతలో, వానలు ఇంకా స్థిరపడకముందే, చేపలో చురుకుదనం మొదలవుతుంది.

తొలకరి మాత్రం ఆశించిన మేలు చేయదు. మొదటి జల్లులు ఎండుటాకులను, బూడిదను, కుళ్లిన గడ్డిని మడుగుల్లోకి కొట్టుకొస్తాయి. ఆ సేంద్రియ పదార్థం కుళ్లేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్ హరించుకుపోతుంది. కకాడు ప్రాంతంలోని మగేలా వాగు పరీవాహకంలో ఆమ్ల సల్ఫేటు నేలల నుంచి ఆమ్లమూ అల్యూమినియమూ కూడా దిగివచ్చి చేపలు చనిపోయిన సందర్భాలు నమోదయ్యాయి. మృత్తికా శాస్త్రం చదివిన విద్యార్థికి ఈ నేలలు కొత్త కావు. అవి చేపల లభ్యతనూ నిర్ణయించగలవన్నది సాధారణంగా పాఠంలో రాని విషయం.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వరద మైదానాలను ముంచెత్తుతుంది. చేపలు గడ్డి నడుమకు చెదరిపోతాయి, మేత సమృద్ధిగా దొరుకుతుంది. దారులు మునుగుతాయి. ఒడ్డు వేటకు ఇది పొల్లు కాలం.

అసలు అదను మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. మైదానపు నీరు చిన్న వాగుల గుండా నదిలోకి తీయడం మొదలైనప్పుడు, వానలో పెరిగిన చిరుచేపలు, రొయ్యలు ఆ ఇరుకు దారులగుండానే దిగవలసి వస్తుంది. పండుగప్ప వాగు మూతి దగ్గర కాచుకుంటుంది. మైదానంలో తేటపడిన నీరు, నదిలోని బురదనీరు కలిసేచోట రంగుల గీత స్పష్టంగా కనిపిస్తుంది. అనుభవజ్ఞులు గాలాన్ని ఆ గీత వెంబడే వేస్తారు. ఆటు వేళ వాగు నీరు జోరుగా దిగుతుంది, పోటు వేళ నిలిచిపోతుంది. డార్విన్ తీరంలో పెద్ద పోట్ల నాడు ఆటుపోట్ల మధ్య తేడా సుమారు ఎనిమిది మీటర్ల వరకు ఉంటుంది కనుక అక్కడ ఈ ప్రభావం అతి తీవ్రం. ఈ దశలో మరొక భారీ వాన కురిసి నీరు మళ్లీ పెరిగితే వేట ఆగిపోతుంది. అంటే వేటకు అదను తెచ్చిన వానే దానిని చెడగొట్టగలదు కూడా. వాయుపీడనం తగ్గితే చేప ఎరకు పడుతుందనే మాట విరివిగా వినిపిస్తుంది. కాని నీటిమట్టం, ఉష్ణోగ్రత, వెలుతురు ఒకేసారి మారే వేళ పీడనానికి వేరుగా ఘనత కట్టబెట్టడం కష్టం.

అక్కడి నదుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. నీటి అంచుకు కనీసం ఐదు మీటర్ల దూరంలో నిలబడాలన్నది స్థానిక హెచ్చరిక. బురదనీటిలో అవి కంటికి కనబడవు.

వాన ప్రభావం ఒక్క కాలంతో ముగియదు. పండుగప్ప ఉప్పదనం ఎక్కువగా ఉండే నదీముఖాల్లో గుడ్లు పెడుతుంది, పోటునీరు పిల్లలను లోపలి చిత్తడి నేలలకు చేరుస్తుంది. క్వీన్స్‌లాండ్‌లోని ఫిట్జ్‌రాయ్ నదిలో చేపల చెవిరాళ్లలోని వలయాలను లెక్కించి, ఏయే సంవత్సరాల్లో పుట్టిన చేపలు ఎక్కువగా బతికాయో అంచనా వేశారు. వసంత, వేసవి మాసాల్లో మంచినీటి ప్రవాహం బాగా ఉన్న ఏళ్ల సంతతి బలంగా ఉన్నట్లు తేలింది. అక్కడి వసంత, వేసవి మాసాలంటే మన సెప్టెంబరు – ఫిబ్రవరి. ఈ చేప మొదట మగదై, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది కాబట్టి పెద్ద చేపలను విచక్షణ లేకుండా పట్టేస్తే గుడ్లు పెట్టే తల్లులే తరిగిపోతాయి. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్లకు తక్కువైన చేపలతోపాటు 120 సెంటీమీటర్లు మించినవాటినీ విడిచిపెట్టాలన్న నియమానికి ఆధారం ఇదే.

ఈ అవగాహనను గోదావరి డెల్టాకు యథాతథంగా అన్వయించరాదు. ఇక్కడ పోటు–ఆటుల తేడా డార్విన్‌తో పోలిస్తే చాలా స్వల్పం. ధవళేశ్వరం ఆనకట్ట చేప ఎగువకు పోయే దారిని అడ్డుకుంటుంది. పైగా గోదావరి వరద మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ వానల నుంచి వస్తుంది. కాకినాడలో చినుకు పడని రోజున కూడా నది పొంగవచ్చు. మత్స్యకారులకు సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త స్థానిక వర్షమాపకం కంటే ధవళేశ్వరం వద్ద నీటిమట్టం ఏ రోజు నుంచి తగ్గుముఖం పట్టిందో ముందుగా చూడవలసి ఉంటుంది. మురుగు కాలువలు ఉప్పుటేళ్లలో కలిసే చోట్ల నీరు తీసే క్రమాన్ని ఆ తేదీతో పోల్చి నమోదు చేయడం విద్యార్థుల క్షేత్ర అధ్యయనానికి అనువైన పని. అందుకు ఒక కొలకర్ర, ఒక నోటుపుస్తకం, రెండు మూడు వానాకాలాలు చాలు.