రేకు పాతది, పరుగు కొత్తది

పాత అమెరికన్ బండి పైరూపం ఉంచుకుని, కింద దాన్ని నడిపే సరంజామా అంతా వేగం కోసం మార్చేస్తే అది హాట్ రాడ్. పాత బండిని ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి స్థితికి తెచ్చి నిలబెట్టడం వేరే విద్య. అక్కడ బోల్టు తల మీది గుర్తు మారినా పట్టింపే. హాట్ రాడ్ కట్టేవాళ్లకు ఆ పేచీ లేదు. కంపెనీ ఇచ్చినదాన్ని కోసి, వంచి, అతికి తమకు నచ్చిన బండిగా మలచుకోవడంలోనే వాళ్ల సరదా అంతా. అమెరికాలో ఈ పనికి ఎక్కువగా ఎంచుకునే బళ్లలో 1940ల చివర, 50ల నాటి పికప్ ట్రక్కులు ముఖ్యమైనవి.

ఈ పిచ్చికి పుట్టినిల్లు 1930ల నాటి దక్షిణ కాలిఫోర్నియా. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సులున్నాయి. అంతా మైళ్ల కొద్దీ చదును నేల, అడ్డొచ్చేది ఏదీ లేదు. ఫోర్డ్ మోడల్ టి కారు 1908 నుంచి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైంది కాబట్టి పాతది తుక్కు ధరకే దొరికేది. కుర్రాళ్లు దాని మడ్‌గార్డులు, ముందు అద్దం, బానెట్ ఊడదీసి బరువు తగ్గించి ఆ నేల మీద పందేలు పెట్టుకునేవాళ్లు. 1932లో ఫోర్డ్ మామూలు జనం కొనగలిగే ధరలో 65 హార్స్‌పవర్ వి8 ఇంజిన్ తెచ్చాక వేగం ఇంకా పెరిగింది. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి ఈ పందేలకు ఒక పద్ధతి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యంలో వెల్డింగూ మెకానిక్ పనీ నేర్చుకుని ఇళ్లకు చేరిన యువకులు దీన్ని దేశమంతా పాకించారు. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ పత్రిక వెలువడింది. మరుసటేడు యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ మొదలైంది. మ్యూరాక్ మాత్రం సైన్యం చేతికి పోయింది. నేటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అక్కడిదే.

పికప్‌కు ఈ లోకంలో చోటు కొంత ఆలస్యంగా దక్కింది. ఫోర్డ్ 1925లో మోడల్ టి వెనక సామాను తొట్టి తగిలించి 281 డాలర్లకు అమ్మింది. అప్పటినుంచి పికప్ అంటే పొలాలకూ పనులకూ తిరిగే చాకిరీ బండే. షోకుగా చూసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. నార్మ్ గ్రబౌస్కీ అనే ఆయన మోడల్ టి ముందు భాగానికి, కుదించిన మోడల్ ఎ పికప్ తొట్టిని అతికి ఒక బండి కట్టాడు. 1958లో మొదలైన ‘77 సన్‌సెట్ స్ట్రిప్’ టీవీ సీరియల్లో ఇంటింటా అది కనిపించడంతో చాకిరీ బండి తొట్టికి ఎక్కడలేని సొగసు వచ్చింది. తర్వాత కాలంలో కార్ల ధరలు కొండెక్కుతున్నకొద్దీ చూపు పికప్‌ల మీదికి మళ్లింది. వాటిలో 1953–56 నాటి ఫోర్డ్ ఎఫ్-100, 1947–55 నాటి షెవ్రొలే 3100 అన్నిటికన్నా ముందు నిలిచాయి.

ఈ షెవ్రొలేనే ఉదాహరణగా తీసుకుంటే పని స్వభావం బాగా తెలుస్తుంది. 1947 వేసవిలో వచ్చిన ఈ అరటన్ను ట్రక్కు గుండ్రటి మడ్‌గార్డులతో, ముందు అయిదు అడ్డ పట్టీల గ్రిల్‌తో ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. లోపలి సంగతి వేరు. ఆరు సిలిండర్ల, 216 ఘనపు అంగుళాల ఇంజిన్ ఇచ్చేది 90 హార్స్‌పవర్. వెనక ఇరుసులో గేర్ నిష్పత్తి 4.11 కావడంతో బరువు బాగానే లాగుతుంది కానీ, గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఇంజిన్ గోల పెడుతుంది. ముందు ఇరుసు ఒకే ఉక్కు దూలం. నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలు, డ్రమ్ బ్రేకులు. కరెంటు ఆరు వోల్టులు. పెట్రోలు ట్యాంకు 1949 నుంచి క్యాబిన్‌లోనే, సీటు వెనక. గుద్దుకుంటే ఏమవుతుందన్న ఆలోచన ఆ కాలానికి ఇంకా తట్టలేదు.

కొత్తగా ఈ పనిలో దిగేవాళ్లు ఇంజిన్ మార్చడంతో సగం పని తీరుతుందనుకుంటారు. నిజానికి అసలు పని అక్కడే మొదలవుతుంది. 1955లో షెవ్రొలే తెచ్చిన స్మాల్ బ్లాక్ వి8, దాని వంశంలోనే 1967లో వచ్చిన 350 ఘనపు అంగుళాల ఇంజిన్ దశాబ్దాల పాటు హాట్ రాడ్లకు ఆస్థాన ఇంజిన్లయ్యాయి. విడిభాగాలు చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. 1997లో ఎల్ఎస్ ఇంజిన్ల శ్రేణి వచ్చాక మొగ్గు అటు తిరిగింది. 1999 నుంచి సిల్వరాడో పికప్‌లలో వచ్చిన 5.3 లీటర్ల ఎల్ఎస్ రకం ఇంజిన్ తుక్కు యార్డుల్లో సులువుగా దొరుకుతుంది, 270 హార్స్‌పవర్‌తో మొదలవుతుంది. అంటే పాత ఇంజిన్‌కు మూడింతలు.

కొత్త ఇంజిన్‌ను దింపాలంటే దానికి తగ్గ గేర్‌బాక్స్ కావాలి. 1954 దాకా వచ్చిన 3100లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక గట్టి గొట్టంలో మూసి ఉంటుంది. ఆ గొట్టం ఒక కొస గేర్‌బాక్స్‌కు, మరో కొస వెనక ఇరుసుకు బిగిసి ఉంటుంది కాబట్టి కొత్త గేర్‌బాక్స్ దానికి కలవదు. గేర్‌బాక్స్ మారిందంటే షాఫ్టూ, వెనక ఇరుసూ పోవాల్సిందే. చాలామంది అక్కడ ఫోర్డ్ తొమ్మిదంగుళాల ఇరుసు పెడతారు. షెవ్రొలే బండికి ఫోర్డ్ ఇరుసేమిటని ఎవరూ అడగరు, దాని దిటవు అలాంటిది. కొత్త ఇరుసు పెట్టేటప్పుడు కోణాలు చూసుకోవాలి. ఇంజిన్ వెనక్కి ఎన్ని డిగ్రీలు వాలి ఉందో, ఇరుసు ముక్కు అన్నే డిగ్రీలు పైకి చూడాలి. ఆ రెండూ సమాంతరంగా లేకపోతే వేగం పెరిగినప్పుడు బండంతా వణుకుతుంది.

ఇక ఛాసీ. పాత పికప్ ఛాసీ దూలాలు మూడు వైపులా రేకుండి ఒకవైపు తెరిచిన కాలువల్లా ఉంటాయి. గతుకుల దారిలో బరువుతో పోయేటప్పుడు కాస్త మెలి తిరగడానికే వాటిని అలా చేశారు. మూడింతల బలమున్న ఇంజిన్‌కు ఆ మెలి పనికిరాదు. తెరిచిన వైపు ఉక్కు పలకలు అతికి దూలాన్ని పెట్టెలా మూసేస్తారు. ముందు దూలపు ఇరుసు కోసేసి, చక్రానికి చక్రం విడిగా ఆడే సస్పెన్షన్ పెడతారు. 1970ల నాటి మస్టాంగ్ II కారు నమూనాలో అలాంటి సెట్లు తయారై అమ్మకానికి దొరుకుతాయి. చిన్న కారుది కావడం వల్ల అది ఛాసీ మధ్య ఇమిడిపోతుంది, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ కూడా దాంతోనే వస్తుంది. ఆ అడ్డదూలాన్ని అతికేటప్పుడు కొలత కొంచెం తప్పినా చక్రం మడ్‌గార్డు నడిమధ్యన నిలవదు. అందుకే అనుభవమున్నవాళ్లు టైర్లు, రిమ్ములు ముందే కొని, బండి నేలకు ఎంత ఎత్తులో కూర్చోవాలో తేల్చుకున్నాకే వెల్డింగ్ మొదలెడతారు.

హాట్ రాడ్‌కు ఆ కూర్చునే తీరే అందం. వెనక కమాన్ పట్టీలు తీసి, నాలుగు కడ్డీలూ కాయిల్ స్ప్రింగులూ పెట్టి బండిని కిందికి దించుతారు. కడ్డీలు సమాంతరంగా ఉండే అమరికలో ఇరుసు పక్కలకు జరగకుండా పాన్‌హార్డ్ కడ్డీ ఒకటి అడ్డంగా బిగిస్తారు. మరీ కిందికి దించితే గతుకులో ఇరుసు లేచి ఛాసీకి కొట్టుకుంటుంది. ఆ చోట దూలాన్ని పైకి అర్ధచంద్రాకారంలో కోసి, కోసినచోట మందపాటి పలకతో బలమివ్వాలి. ఆ వంపు తొట్టి అడుగును తాకుతుంది కాబట్టి తొట్టి చెక్కలను కూడా పైకి లేపాలి. అరటన్ను మోయడానికి పుట్టిన బండి ఇక్కడికి వచ్చేసరికి కూరగాయల సంచీకి మించి మోయదు. దాని యజమానికి ఆ బెంగ ఉండదనుకోండి.

బ్రేకుల దగ్గర మాత్రం సరదాలు కుదరవు. వేగం రెట్టింపైతే బండిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. 80 కిలోమీటర్ల వేగానికి సరిపోయిన డ్రమ్ములు 160 దగ్గర వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ముందు చక్రాలకు డిస్కులు తప్పవు. పాత మాస్టర్ సిలిండర్‌లో ఒకే గది. ఎక్కడ గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. దాని బదులు ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటిగా రెండు గదులున్నది పెట్టాలి. ఈ ట్రక్కులో పెడల్ నేలలోంచి వస్తుంది, సిలిండర్ క్యాబిన్ అడుగున ఉంటుంది. అంటే చక్రం దగ్గరి క్యాలిపర్ కన్నా అది కింద ఉండే వీలుంది. అప్పుడు కాలు తీయగానే బ్రేక్ ఆయిల్ నెమ్మదిగా సిలిండర్‌లోకి జారిపోతుంది. తర్వాత పెడల్ నొక్కితే మొదటి తొక్కు ఖాళీగా దిగుతుంది. దీనికి మందు గొట్టంలో బిగించే బొటనవేలంత వాల్వు. డిస్కుల వైపు రెండు పీఎస్ఐ, డ్రమ్ముల వైపు పది పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. వేల డాలర్ల ఇంజిన్ పెట్టి ఈ చిన్న ముక్క మర్చిపోయినవాడి పెడల్ నేలకు అంటుకుంటుంది.

రేకు పని ఇంజిన్ పనికన్నా ఎక్కువ కాలం తినేస్తుంది. ఈ క్యాబిన్‌లో తుప్పు చేరే చోట్లు అందరికీ తెలిసినవే: వెనక కింది మూలలు, తలుపు కింది మెట్టు, కాళ్లు పెట్టే నేల. అక్కడ నీళ్లూ మట్టీ చేరి లోపలినుంచి తినేస్తాయి. పైన రంగు బాగున్నా స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. ఆ ముక్కలు కోసి కొత్త రేకు అతకాలి. పల్చటి రేకు మీద వెల్డింగ్ ఏకధాటిగా లాగితే వేడికి మెలికలు పడుతుంది. అందుకే ఇక్కడొక టాకా, అక్కడొక టాకా వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పోతారు. లప్పం పల్చగా పూత వరకే ఉండాలి. సొట్టను సుత్తితో తీయకుండా లప్పంతో పూడిస్తే రెండు ఎండాకాలాల్లో బీటలు వారి బయటపడుతుంది.

టాపు కోసి పొట్టి చేయడం టింకరింగ్ పనిలో అన్నిటికన్నా గట్టి పరీక్ష. మూడంగుళాలు తగ్గించాలంటే నాలుగు మూలల స్తంభాల్లో మూడేసి అంగుళాల ముక్క తీసేసి టాపు కిందికి దించడమే కదా అనిపిస్తుంది. అయితే ఈ క్యాబిన్ పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది. ముక్క తీశాక పై స్తంభం కింది స్తంభం మీద కూర్చోదు, లోపలికి జరిగి ఉంటుంది. అప్పుడు టాపునే నాలుగు ముక్కలుగా కోసి, మధ్యలో పట్టీలు అతికి వెడల్పూ పొడవూ పెంచాలి. లేదా స్తంభాల వాలు మార్చాలి. కోతకు ముందే క్యాబిన్ లోపల అడ్డంగా ఇనుప గొట్టాలు అతికి బిగించకపోతే తలుపులు ఇక ఎప్పటికీ సరిగా పడవు. అద్దం విషయంలో ఒక్కటే ఊరట. 1953 దాకా ముందు అద్దం రెండు చదును ముక్కలు కాబట్టి కొత్త కొలతకు కోయించుకోవచ్చు. 1954 నుంచి వచ్చిన వంపు అద్దం కోయడం దాదాపు జూదమే. ఈ ట్రక్కు టాపు గుండ్రదనం పాడుచేయకుండా వదిలేసినవాళ్ల బళ్లే తరచు కంటికి ఇంపుగా ఉంటాయన్నది మాత్రం చెప్పుకోవాలి.

వైరింగ్ మొత్తం 12 వోల్టులకు మారుతుంది. ఎల్ఎస్ ఇంజిన్‌కు కంప్యూటర్ ఉంటుంది. దానికి సెన్సర్ల తీగలు, మంచి ఎర్త్, 58 పీఎస్ఐ ఒత్తిడితో పెట్రోలు అందించే పంపు కావాలి. సీటు వెనక ట్యాంకు తీసి, వెనక ఛాసీ దూలాల మధ్య కొత్తది బిగించడం ఇదే సమయంలో జరుగుతుంది. రంగు వేయకముందే బండిని ఒకసారి పూర్తిగా బిగించి చూస్తారు. సైలెన్సర్ గొట్టం స్టీరింగ్ షాఫ్ట్‌కు తగులుతోందా, బానెట్ మూసుకుంటోందా, తలుపు సందు పైనుంచి కిందికి ఒకేలా ఉందా అన్నీ అప్పుడే తేలాలి. తర్వాత మళ్లీ చివరి బోల్టు దాకా విప్పి, రంగు వేసి, రెండోసారి బిగిస్తారు. కొందరు అసలు రంగే వేయరు. వాడిపోయిన పాత రంగునూ తుప్పు మరకలనూ అలాగే ఉంచి పైన పారదర్శకమైన పూత ఒకటి కొట్టి వదిలేస్తారు. ఖర్చు తగ్గుతుంది, గీత పడుతుందన్న భయమూ ఉండదు.

కాగితాల పని కూడా తేలిక కాదు. కొన్ని అమెరికన్ రాష్ట్రాల్లో ఆ కాలపు బళ్లను ఇంజిన్ నంబరుతో నమోదు చేశారు. ఇంజిన్ తీసేస్తే కాగితం ఒక బండిది, ఎదుట ఉన్నది మరో బండి అవుతుంది. కాబట్టి కొనేముందే తలుపు స్తంభం మీది రేకు నంబరుతో కాగితాలు సరిచూసుకోవాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు పొగ పరీక్ష మినహాయింపు ఉండడం ఈ అభిరుచికి పెద్ద ఆసరా. మన దేశంలో దారి మూసుకుపోయింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 50 ఏళ్లు దాటిన బళ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవడానికి 2021లో వచ్చిన నిబంధనలేమో ఛాసీ, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకూడదంటాయి. ఈ రెండింటి మధ్య హాట్ రాడ్‌కు సందు లేదు.

బండి రోడ్డెక్కిన మొదటి వారాలు పరీక్షకే పోతాయి. ముందు ఇంటి చుట్టుపక్కల నెమ్మదిగా తిప్పి, కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్కులకు అరిగి కుదురుకునేలా మళ్లీ మళ్లీ ఆపి చూస్తారు. పాత గ్రిల్ సందుల్లోంచి కొత్త ఇంజిన్‌కు చాలినంత గాలి రాకపోవడం, ట్రాఫిక్‌లో రేడియేటర్ మరగడం మామూలే. పెద్ద ఫ్యానూ దాని చుట్టూ గాలి మళ్లించే తొడుగూ అప్పుడు వచ్చి చేరతాయి. స్ప్రింగులు కుదురుకుని ఎత్తు కాస్త తగ్గాక వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. సస్పెన్షన్, ఇరుసు, ఇంజిన్ మౌంటింగుల బోల్టులన్నీ టార్క్ రెంచితో మరోసారి బిగించుకున్నాకే దూరప్రయాణం.