తూములోని నీటి మూత

స్నానాల గది నేల తూము వైపునకు మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున వాలియుండవలెను; లేనిచో నీరు నిలిచిపోవును. జాలీ క్రింద వంపుగల గొట్టమును అమర్చుదురు. దీనిని పనివారు నహానీ ట్రాప్ అందురు. నీరు ఈ వంపును దాటి పైకెక్కిన పిమ్మటనే కాలువలోనికి పోవును. కావున స్నానము ముగిసినను అందులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతు నీరు మిగిలి, మురుగు కాలువలోని దుర్వాయువులకు, పురుగులకు అడ్డుపడును.

ఆ నీరు ఎండిపోయినచో దారి తెరచినట్లే. 2003లో హాంగ్‌కాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ భవనములలో 300 మందికి పైగా సార్స్ వ్యాధి సోకినది. స్నానాల గదులలోని పంకాలు గాలిని బయటకు లాగినపుడు, ఎండిన తూముల గుండా మురుగు తుంపరలు లోనికి వచ్చియుండునని పరిశోధకులు భావించిరి.

వాడని గది తూములో అప్పుడప్పుడు చెంబెడు నీరు పోసిన చాలును, మూత మరల పడును.