జోడు కుదరాలంటే పెద్దరికం తేలాలి

ఉప్పునీటి అక్వేరియాలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చేపలలో క్లౌన్ ఫిష్ ఒకటి. నారింజ రంగు ఒంటి మీద నల్లని అంచులున్న మూడు తెల్లని పట్టీలతో, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుకుంటూ ఈదే ఈ చేపను 2003లో విడుదలైన ‘ఫైండింగ్ నెమో’ అనే యానిమేషన్ చిత్రం దేశదేశాల పిల్లలకు పరిచయం చేసింది. ఒక్క చేపతో తొట్టె మొదలుపెట్టినవారు కొన్నాళ్లకు దానికి తోడుగా మరొకదాన్ని తేవాలనుకోవడం సహజమే గాని, ఈ చేప విషయంలో ‘తోడు’ అనే మాటకు మనుషుల వాడుకలోని అర్థం సరిపోదు. రెండు క్లౌన్ ఫిష్‌లు ఒకచోట చేరిన క్షణం నుంచి వాటిలో పెద్ద ఏది, చిన్న ఏది అన్న తగవు మొదలవుతుంది. ఆ తగవు ఎలా తీరిందన్న దానిని బట్టే వాటిలో ఆడది ఏదో, మగది ఏదో కూడా నిర్ణయమవుతుంది. పెద్దరికం తేలితే జోడు కుదురుతుంది. తేలకపోతే రెండింటిలో ఒకటే మిగిలే ప్రమాదం ఉంటుంది.

అనిమోన్ ఇంట్లో వరుస

క్లౌన్ ఫిష్‌లలో దాదాపు 30 జాతులున్నాయి. ఇళ్లలో ఎక్కువగా పెంచేది ఒసెల్లారిస్ అనే జాతిని. దానిని అచ్చంగా పోలి ఉండే పెర్కులా మరొకటి. సహజంగా ఇవన్నీ వెచ్చని సముద్రాలలోని పగడపు దిబ్బల వద్ద, సీ అనిమోన్ అనే జీవిని ఆశ్రయించి బతుకుతాయి. పగడాలకు, జెల్లీ చేపలకు దగ్గరి చుట్టమైన ఈ అనిమోన్ చూడటానికి విచ్చుకున్న పువ్వులా ఉంటుంది గాని, రేకులలా కనిపించే దాని స్పర్శకాల నిండా విషపు దంశకణాలుంటాయి. తగిలిన చిన్న జీవులను అవి కుట్టి చంపుతాయి. క్లౌన్ ఫిష్ ఒంటి మీది జిగురు పొర మాత్రం ఆ కణాలను రేపకుండా కాపాడుతుంది గనుక, ఇతర చేపలకు మృత్యువైన చోటు దీనికి కోటగా మారుతుంది. ప్రపంచంలో వెయ్యికి పైగా అనిమోన్ జాతులు ఉండగా, వాటిలో 10 మాత్రమే ఈ చేపలకు ఆశ్రయమిస్తాయి.

ఆ కోటలో చోటు తక్కువ, దానిని వదిలి బయటికి పోతే వేట చేపల నోట పడే ప్రమాదం ఎక్కువ. అందుకే ఒక అనిమోన్‌లో ఉండే నాలుగైదు చేపలు కచ్చితమైన వరుసను పాటిస్తాయి. అన్నిటికంటే పెద్దది ఆడచేప, దాని తరువాతది మగచేప, గుడ్లు పెట్టేది ఆ జంట ఒక్కటే. మిగిలినవి పిల్లల పుట్టుకలో పాత్ర లేకుండా తమ వంతు కోసం వేచి ఉంటాయి. జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు హన్స్ ఫ్రికే మరొకరితో కలిసి 1977లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ వరుసకూ లింగ మార్పిడికీ ఉన్న సంబంధాన్ని వివరించింది. క్లౌన్ ఫిష్‌లలో పుట్టుకతో ఏదీ ఆడది కాదు. ఆడచేప చనిపోయినప్పుడు దాని స్థానంలోకి మగచేప ఎక్కి ఆడదిగా మారుతుంది, వేచి ఉన్నవాటిలో పెద్దది మగచేప స్థానానికి వస్తుంది. ముందు మగగా ఉండి తరువాత ఆడగా మారే ఈ పద్ధతిని జీవశాస్త్రంలో ప్రోటాండ్రీ అంటారు. ఒకసారి ఆడదిగా మారిన చేప మళ్లీ మగది కాలేదు.

వరుసలో కింద ఉన్న చేపలు ఎందుకు తిరగబడవన్న ప్రశ్నకు పీటర్ బస్టన్ అనే శాస్త్రజ్ఞుడు పాపువా న్యూ గినీలోని మడాంగ్ వద్ద పెర్కులా చేపలను పరిశీలించి 2003లో ఆసక్తికరమైన సమాధానం చెప్పాడు. ప్రతి చేపా తనకు పైనున్నదాని పరిమాణంలో సుమారు 80 శాతానికి పరిమితమై, అంతకు మించి పెరగకుండా తన ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుందని ఆయన గుర్తించాడు. పై చేపతో సమానంగా పెరిగితే పోటీదారుగా లెక్క, పోటీదారుకు ఆ ఇంట చోటు లేదు. అంటే వాటి మధ్య శాంతిని కాపాడేది ఒంటి కొలతలోని తేడాయే. ఇంటి తొట్టెలోకి జోడును తెచ్చేవారు గుర్తుంచుకోవలసిన మూలసూత్రం ఇదే.

ఎంపికలోనే సగం పని

కొంతకాలంగా ఒంటరిగా పెరిగి, ఒళ్లు చేసిన క్లౌన్ ఫిష్ అప్పటికే ఆడదిగా మారి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి చేప దగ్గరికి దాని పరిమాణంలోనే ఉన్న మరొకదాన్ని తేవడమంటే ఒక ఇంటికి ఇద్దరు యజమానులను పెట్టడమే అవుతుంది. రెండూ ఆడవే అయితే ఆ పోరు ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి కొత్త చేప పాతదానిలో సగానికి మించకుండా, ఇంకా లింగం స్థిరపడని పిల్లగా ఉండటం మేలు. పాత చేప 7 సెంటీమీటర్లు ఉంటే కొత్తది 3 సెంటీమీటర్లకు అటూ ఇటుగా ఉంటే సరిపోతుంది. అంత చిన్నదాన్ని పెద్ద చేప పోటీగా భావించదు, చిన్నది ఎదురు తిరిగే సాహసం చేయదు. పాత చేపే ఇంకా పిల్ల అయిన పక్షంలో మరింత చిన్న పిల్లను తేవచ్చు. రెండింటిలో ముందుగా పెరిగినది ఆడదవుతుంది.

జత కోసం వేరే జాతి క్లౌన్ ఫిష్‌ను తేవడం మంచిది కాదు. ముఖ్యంగా ముదురు ఎరుపు రంగులో ఉండే మెరూన్ క్లౌన్ చాలా దుడుకు చేప, ఒసెల్లారిస్ దాని ముందు నిలవలేదు. మూడు చేపలు ఉంటే అందంగా ఉంటుందన్న ఆలోచన కూడా ఇంటి తొట్టెలో పనికిరాదు. రెండు జత కట్టగానే మూడోదాన్ని మూలకు తరిమి, తిండి తిననీయకుండా చేస్తాయి. సముద్రంలో వేచి ఉండే చేపలకు దొరికే దూరం, మరుగు ఇంటి తొట్టెలో దొరకవు.

కొనేటప్పుడు సముద్రంలో పట్టిన చేపకన్నా హేచరీలో పుట్టిన చేపను ఎంచుకోవడం అన్ని విధాలా మంచిది. అది తొట్టె నీటికి, వేసే మేతకు పుట్టినప్పటి నుంచే అలవాటు పడి ఉంటుంది, దాని కోసం పగడపు దిబ్బను కదపవలసిన పని ఉండదు. మన దేశంలో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేరళలోని విళింజం, తమిళనాడులోని మండపం కేంద్రాలలో క్లౌన్ ఫిష్ పిల్లలను పుట్టించి పెంచే పద్ధతులను అభివృద్ధి చేసింది. తొట్టె అలంకరణ కోసం పగడాలను సేకరించడం మాత్రం చట్టవిరుద్ధం. మన సముద్రాలలోని రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. అనిమోన్ కూడా తప్పనిసరి కాదు. దానికి బలమైన వెలుతురు, నెలల తరబడి నిలకడగా ఉన్న నీరు కావాలి. అది లేకపోయినా క్లౌన్ ఫిష్ ఒక రాతి మూలనో, కుండ పెంకునో ఇల్లుగా చేసుకుని హాయిగా బతుకుతుంది.

విడిది, నీటి అలవాటు

కొత్త చేపను తెచ్చిన రోజునే అసలు తొట్టెలో వదలడం సాధారణంగా జరిగే పొరపాటు. ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లని చుక్కలు తెచ్చే క్రిప్టోకారియాన్, ఒంటి నిండా తెల్లని జిగురు కక్కించి కొద్ది రోజుల్లోనే చంపగల బ్రూక్లినెల్లా వంటి పరాన్నజీవులు కంటికి కనిపించకుండానే కొత్త చేపతో వస్తాయి. బ్రూక్లినెల్లా ఈ చేపలకు ఎంత తరచుగా సోకుతుందంటే దానికి ‘క్లౌన్ ఫిష్ జబ్బు’ అన్న పేరే స్థిరపడింది. అందువల్ల కొత్త చేపను నాలుగు నుంచి ఆరు వారాల పాటు వేరే చిన్న తొట్టెలో విడిదికి ఉంచి, అది మేత తింటున్నదా, ఊపిరి వేగంగా తీస్తున్నదా, రెక్కలు ముడుచుకున్నదా అని గమనించాలి. ఆ విడిది తొట్టెకు వాడిన వలను, గొట్టాలను అసలు తొట్టెలో ముంచకూడదు.

ఈ వారాలు అసలు తొట్టెకు కూడా ఉపయోగపడతాయి. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం దానిని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఒక చేప పెరిగితే ఆ భారమూ పెరుగుతుంది గనుక, అమ్మోనియా, నైట్రైట్ సున్నా దగ్గర ఉన్నాయని పరీక్షించుకున్నాకే కొత్త చేపను దించాలి. నీటి ఉప్పదనం లీటరుకు సుమారు 35 గ్రాములు, వేడిమి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. తొట్టెలో నీరు తగ్గినప్పుడు ఉప్పునీరు పోయడం తప్పు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కాబట్టి, తగ్గినంత మేరకు శుద్ధి చేసిన మంచినీటినే పోయాలి. ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే తెలుగు ఊళ్లలో నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకుండా ఉప్పునీటి తొట్టెను నిలబెట్టడం కష్టం.

చేపను కొత్త నీటికి అలవాటు చేసే పద్ధతి కోస్తా జిల్లాల రొయ్య రైతులకు తెలియనిది కాదు. సీడ్ సంచులను చెరువు నీటి మీద కాసేపు తేలనిచ్చి, వేడిమి సమమయ్యాక చెరువు నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలిపి, ఆ తరువాతే పిల్లలను వదులుతారు. క్లౌన్ ఫిష్‌కూ అదే పద్ధతి వర్తిస్తుంది. సన్నని గొట్టం ద్వారా తొట్టె నీరు చుక్కచుక్కగా పడేలా చేస్తే ఉప్పదనంలోని తేడాను చేప తట్టుకుంటుంది. ఎక్కువ గంటలు ప్రయాణం చేసి వచ్చిన సంచి విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. మూసి ఉన్న సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి, పోగుపడిన అమ్మోనియా హాని తక్కువగా ఉండే రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషమవుతుంది. అందువల్ల విడిది తొట్టె నీటి ఉప్పదనాన్ని ముందే సంచిలోని నీటికి సరిపోల్చి ఉంచుకుని, చేపను త్వరగా అందులోకి మార్చి, సంచి నీటిని పారబోయాలి.

తరమడం, వణకడం

విడిది ముగిశాక కూడా రెండు చేపలనూ నేరుగా కలపకుండా, రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టెలో కొత్తదాన్ని ఉంచి అసలు తొట్టెలో నాలుగైదు రోజులు వేలాడదీయడం మంచిది. పెద్దది దానిని చూస్తుంది, వాసన పసిగడుతుంది, అద్దాన్ని పొడుస్తుంది, కాని కరవలేదు. పొడవడం తగ్గిన తరువాత తొట్టెలోని రాళ్లను కాస్త అటూ ఇటూ మార్చి, పెద్ద చేపకు మేత వేసి, దీపాలు ఆర్పి చిన్నదాన్ని వదిలితే, పాత చేపకు కూడా చోటు కొత్తగా తోచి దాని పంతం కొంత సడలుతుంది.

వదిలిన తరువాత తొలి గంటల్లో కనిపించేది స్వాగతంలా ఉండదు. పెద్ద చేప దూసుకొచ్చి చిన్నదాన్ని తరుముతుంది, పక్క రెక్కను కొరుకుతుంది. అప్పుడు చిన్నది పారిపోకుండా ఆగి, ఒంటిని ఒక పక్కకు వాల్చి, తల నుంచి తోక దాకా చలిజ్వరం వచ్చినట్టు గడగడ వణుకుతుంది. చూసేవారికి జబ్బులా తోచే ఈ వణుకే అసలు శుభసూచన. ‘నీ పెద్దరికానికి ఒప్పుకున్నాను’ అని చిన్నది చెప్పే మాట అది. దానికి శబ్దం కూడా తోడవుతుంది. క్లౌన్ ఫిష్‌లు పై దవడ, కింది దవడ పళ్లను టక్కున తాటించి చప్పుడు చేస్తాయని ఎరిక్ పార్మెంటియే బృందం 2007లో ‘సైన్స్’ పత్రికలో వివరించింది. తరిమే చేప చేసే చప్పుడు వేరు, లొంగే చేప చేసే చప్పుడు వేరు అని తరువాతి పరిశోధనల్లో తేలింది. చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఈ టకటకలు తొట్టె బయటికి కూడా వినిపిస్తాయి.

చిన్నది వణికిన ప్రతిసారీ పెద్దది ఆగిపోతుంటే ఆ తగవు తీరుతున్నట్టే. చిన్నది రోజంతా నీటి పైమూలన నక్కి, మేతకు రాకుండా, రెక్కలు చీలికలై కనిపిస్తే మాత్రం వెంటనే విడదీసి, మళ్లీ పెట్టెలో ఉంచి కొన్ని రోజులు ఆగాలి. అవసరమైతే ఈసారి పెద్దదాన్నే పెట్టెలో పెట్టి, చిన్నదానికి తొట్టెలో తిరిగే వీలు కల్పించవచ్చు. రాత్రి పూట రెండూ ఒకే మూలన పక్కపక్కన నిద్రపోవడం మొదలైతే జోడు కుదిరిందని భావించవచ్చు. అందుకు కొన్ని జంటలకు రెండు మూడు రోజులు చాలు, కొన్నింటికి నెలలు పడుతుంది.

వంతు మారే సంసారం

కుదిరిన జంట ఎదిగాక చదునైన రాతిని నోటితో శుభ్రం చేసి, దాని మీద వందల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. వాటికి రెక్కలతో నీరు విసురుతూ, పాడైనవాటిని ఏరివేస్తూ కాపలా కాసేది ప్రధానంగా మగచేపే. వారం, పది రోజుల్లో, చీకటి పడిన కాసేపటికి గుడ్లు పొదుగుతాయి. ఆ పిల్లలు బతకాలంటే వేరే తొట్టెలో ముందు రోటిఫర్లు అనే సూక్ష్మజీవులను, తరువాత రొయ్యల హేచరీలలో వాడే ఆర్టీమియానే మేతగా అందించాలి.

పెర్కులా చేపలు సముద్రంలో 30 ఏళ్ల దాకా బతకగలవని అంచనా. అంత దీర్ఘమైన ఆయుష్షులో ఏదో ఒకనాడు జంటలోని పెద్ద చేప పోవచ్చు. అప్పుడు ఇన్నాళ్లూ వణికి లొంగిన చిన్న చేపే ఒళ్లు పెంచుకుని, ఆడదిగా మారి, తొట్టెకు పెద్ద అవుతుంది. సముద్రంలోనైతే అలాంటి ఇంటికి, ఎక్కడో పుట్టి అలల మీద కొట్టుకొచ్చిన పసిచేప ఒకటి అనిమోన్ వాసనను పట్టుకుని వచ్చి వరుస చివర నిలబడుతుంది. ఇంటి తొట్టెకు ఆ దారి లేదు. అక్కడ వరుస చివరి చోటును నింపవలసింది తొట్టె పెట్టినవారే గనుక, ఆనాడు కూడా వారు వెతకవలసింది ఉన్నదానికంటే బాగా చిన్నదైన చేపనే.