మీకు తెలుసా? ఇంటనే ఒక తపాలా కచేరి!

కోటగిరివంటి మండల కేంద్రమున, ఇంటి మూలనున్న పాత కంప్యూటరునే మెయిల్ సర్వరుగా నిలుపుకొని, పరుల ప్రాపు లేక తన ఈమెయిళ్లను తానే నడుపుకొనవలెనని సంకల్పించువానికి శాస్త్రరీత్యా అడ్డేమియు లేదు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ప్రకటించిన, ఈమెయిళ్లను చేరవేయు ఎస్.ఎం.టి.పి. నిబంధనావళి మహాసంస్థ యంత్రమునకును ఇంటి యంత్రమునకును భేద మెంచలేదు.

చిక్కంతయు నడుమ దారిలోనే యున్నది. అయాచిత లేఖల వెల్లువకు వెఱచి పెక్కు ఇంటర్నెట్ సంస్థలు గృహ కనెక్షన్లలో సర్వరుల నడుమ ఈమెయిళ్లు నడచు 25వ పోర్టును మూసివైచును. ఒకే బహిరంగ ఐ.పి. చిరునామాను పలు గృహములకు పంచి యిచ్చు చోట్లనో, వెలుపలినుండి వచ్చు ఉత్తరము మన గడపను గుర్తింపనేరదు. ఊరిపేరుండి ఇంటి నంబరు లేని కార్డు గతియే దానికిని పట్టును. అదనపు రుసుము చెల్లించి స్థిరమైన చిరునామాను సంపాదించినను, ఆ అంకెలు మన డొమైనువే యని చాటు విలోమ నమోదు లేనిచో స్వీకర్తలు శంకింతురు. జీమెయిలు 2024 ఫిబ్రవరి నుండి పంపిన డొమైనును రుజువుచేయు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. అను ప్రమాణములలో ఒకటైనను లేని లేఖల నంగీకరింపనని విధించినది.

కరెంటు పోవుటకు మాత్రము జడియ నక్కఱలేదు: స్వీకరించు యంత్రము పలుకకున్నను, పంపు యంత్రము నాలుగైదు దినములవఱకు ప్రయత్నము విడువరాదని నియమము. ఎంతటి గాలివానకైనను మన లైన్‌మన్ అంతకు ముందే వచ్చును గదా!

అన్నట్లు, ఈమెయిలు చిరునామాను తెలుగు లిపిలోనే వ్రాయుటకు 2012 నుండి ప్రమాణము కలదు, ‘.భారత్’ డొమైనును తెలుగక్షరములలోనే యున్నది.