కొండచిలువ ఉపవాసం

పిల్లవాడు అన్నం ముట్టకపోతే తల్లికి కాలూ చెయ్యీ ఆడదు. చందమామను చూపిస్తుంది, బూచివాణ్ణి పిలుస్తుంది, ఇది కాకిముద్ద, ఇది పిచ్చుకముద్ద అంటూ ఎలాగో నాలుగు ముద్దలు తినిపిస్తుంది. ఆవు మేత మానితే పశువుల వైద్యుడున్నాడు. కాని ఇంట్లో పెంచుకుంటున్న పాము తిండి మానివేస్తే ఏం చేయాలి? ఇటువంటి ప్రశ్న ఒకటి ఉన్నదని 68 ఏళ్లు వచ్చేవరకూ నాకు తోచలేదు. 32 సంవత్సరాలు బడిపిల్లలకు ప్రకృతిశాస్త్రం బోధించినవాణ్ణి. పామును గురించి పాఠం చెప్పని సంవత్సరం లేదు. అయినా 2023 శీతకాలంలో, న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంట, పదకొండేళ్ల మనుమడి దగ్గర ఆ పాఠాన్ని మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

మనుమడి పాము పేరు శేషు. ఆదిశేషుని పేరు పెట్టాడు గాని అది విషంలేని చిన్న జాతి కొండచిలువ. అమెరికావారు దానిని బాల్ పైథాన్ అంటారు. భయం కలిగితే అది సాధారణంగా కాటు వేయదు. తలను నడుమ దాచుకొని బంతిలాగా చుట్టుకుపోతుంది. అందుచేత ఆ పేరు. ఇంగ్లండులో దానినే రాయల్ పైథాన్ అంటారు. దాని పుట్టినిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డిమైదానాలలో, చెదపుట్టలలో, ఎలుకల బొరియలలో పగలంతా ముడుచుకొని ఉండి, చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. పెద్దదైనా సాధారణంగా నాలుగైదు అడుగులకు మించదు. బెనిన్ దేశంలో ఉయిదా అనే పట్టణంలో వీటికి ఒక ఆలయమే ఉన్నది. మనం పుట్టకు మొక్కినట్లే అక్కడివారూ ఈ పాములను పవిత్రంగా చూస్తారు.

మనకు ఇంట్లో పాము అంటే కర్ర వెదికే అలవాటు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ మాత్రం ఈ జాతి పామును కుక్కనూ పిల్లినీ పెంచినట్లు పెంచేవారు ఎందరో ఉన్నారు. వారందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉన్నది: పెంపుడు పాములలో ఇంత సాధువు లేదు, తిండి దగ్గర ఇంత మంకుపట్టు గలదీ లేదు.

నేను వెళ్లేనాటికి శేషు తిండి మాని ఆరు వారాలయింది. సెప్టెంబరు 4న తిన్న ఎలుకే చివరిది. మనుమడు ఒక నోటుపుస్తకంలో దాని బరువు వ్రాసి ఉంచుతున్నాడు. సెప్టెంబరులో 640 గ్రాములు. తరువాత ప్రతి వారమూ అంకె దిగజారుతున్నది. దానితోపాటు కుర్రవాడి ముఖమూ చిన్నబోతున్నది. భోజనానికి కూర్చుంటే కంచంలో వేలితో గీతలు గీస్తాడు. "అది తినలేదుగదా, తాతయ్యా" అంటాడు. అల్లుడు మంచివాడే, కాని ఓర్పు తక్కువ. "క్రిస్మస్ సెలవుల లోపల అది తినకపోతే దుకాణంలో తిరిగి ఇచ్చివేయవలసిందే. మన చేతుల్లో అది చచ్చిపోవడం నాకు ఇష్టంలేదు, మామయ్యగారూ" అని నాతో గట్టిగా చెప్పాడు. కొన్నచోట అడిగితే, "నోరు తెరచి బలవంతంగా కుక్కండి" అన్నారట. మనుమడికి చేతులు రాలేదు. రాకపోవడమే మంచిదయిందని తరువాత తెలిసింది.

దీపావళి మరునాడు, నవంబరు 13న, పాములను చూసే డాక్టరు ఒకామె దగ్గరకు శేషును గుడ్డసంచిలో పెట్టుకొని వెళ్లాము. ఆమె ముందుగా నోరు పరీక్షించింది, చిగుళ్లు పుచ్చలేదు. పొలుసుల సందులు వెదికింది. పేలవంటి పురుగులు లేవు. ఊపిరి విన్నది; గురక లేదు. బరువు 588 గ్రాములు. అంటే నూటికి ఎనిమిది వంతులు తగ్గింది. "నూటికి పది వంతులు దాటితే, అంటే 576 గ్రాముల కిందికి దిగితే, వెంటనే తీసుకొనిరా" అని మనుమడికి చెప్పి, ఆ తరువాత ఆమె పామును విడిచి ఇంటిని గురించి ప్రశ్నలు వేయసాగింది. పెట్టె ఎక్కడ ఉన్నది? ఎన్నివైపుల అద్దం? ఎండవేడి ఎంత? రోజుకు ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుంటావు?

జవాబులు చెబుతూ ఉండగానే మనుమడికి కొంత అర్థమయింది. పెట్టె హాలులో, టెలివిజన్ పక్కన ఉన్నది. నాలుగువైపులా అద్దమే. దాగుకొనడానికి ఒక్కటే గూడు, అదీ చల్లని మూల. థర్మామీటరు మూతకు అతికించి ఉన్నది; పాము మాత్రం నేలమీద పడుకుంటున్నది. ఇక చేతిలోకి తీసుకోవడం అంటారా, తినడంలేదన్న బెంగతో రోజుకు నాలుగుసార్లు!

డాక్టరు చెప్పిన సూత్రం ఇది: పాముకు తన ఒంటివేడి అంటూ ప్రత్యేకంగా లేదు. బయటి వేడినే అరువు తెచ్చుకుంటుంది. వేడి చాలకపోతే తిన్నది జీర్ణంకాదు. జీర్ణంకాదని తోచినప్పుడు అది తిననే తినదు. ఈ జాతికి పెట్టెలో ఒకమూల 32 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, రెండవమూల 26 డిగ్రీల చల్లదనం కావాలి. తనకు నచ్చినచోట చేరుతుంది. రెండుచోట్లా ఇరుకైన గూళ్లుండాలి. నాలుగుదిక్కులా మనుషులు కదులుతుంటే దానికి తాను వేటగాణ్ణని తోచదు. ఎవరికో ఆహారమైపోతానని తోస్తుంది. అటువంటి జీవి నోరు తెరవదు.

ఆమె మరొకమాట కూడా చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న ఈ పాము నెలల తరబడి ఉపవాసం ఉండగలదు. పుట్టినచోట కూడా అది ఏడాది పొడుగునా తినదు. చలికాలంలో జోడు వెదికే మగపాములు తిండి తలపెట్టవు. గుడ్లను చుట్టుకొని పొదిగే తల్లిపాము సైతం ముట్టదు. కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారినప్పుడు చాలా పాములు తినవు. కనుక ఉపవాసం ఉన్నంతమాత్రాన రోగం కాదు. ఉపవాసంతోపాటు బరువు పడిపోతుంటేనే భయం. బలవంతంగా కుక్కితే గొంతు చీరుకోవచ్చు; తిన్నదంతా కక్కివేయవచ్చు; భయం మరింత పెరుగుతుంది. అది అన్ని దారులూ మూసుకున్న తరువాత వైద్యుడు చేయవలసిన పని.

ఆ రాత్రే పెట్టె మనుమడి గదిలోకి మారింది. మూడువైపుల నల్లకాగితం అతికించాము. రెండు గూళ్లు అమర్చాము. థర్మామీటరును నేలకు దింపి చూస్తే వెచ్చగా ఉండవలసిన మూల 27 డిగ్రీలు మాత్రమే ఉన్నది. దానిని సరిచేశాము. రెండువారాలపాటు నీళ్లు మార్చడానికి, వారానికొకసారి తూచడానికి తప్ప ఎవరూ చేయిపెట్టకూడదని డాక్టరు ఆజ్ఞ. ఆ రెండువారాలు మనుమడు పడిన బాధ ఇంతా అంతా కాదు. తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయేవాడు. ప్రేమించిన దానిని ముట్టుకోకుండా ఉండడం పెద్దలకే కష్టం.

ఈ నడుమ నవంబరు 17న నాగులచవితి వచ్చింది. మా ఆవిడ చిన్నగిన్నెలో పాలు కాచి తెచ్చి, "ఏమీ తినడంలేదుగదా, ఈ పాలయినా ముట్టుతుందేమో" అన్నది. మనుమడు రెండుచేతులూ అడ్డంపెట్టాడు. "అమ్మమ్మా, పాము పాలు తాగదు. తాగితే అరగదు" అన్నాడు. అది నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పినమాటే. చంటిబిడ్డలకు పాలిచ్చే జంతువులకే పాలు ఆహారం. పాము గుడ్లనో పిల్లలనో పెడుతుందిగాని పాలివ్వదు. పాలను అరిగించుకొనే శక్తి దానికి లేదు. పండుగకు బుట్టలో తెచ్చిన త్రాచు పాలుతాగినట్లు కనిపిస్తే, దానిని ముందునుంచి నీరులేకుండా ఎండగట్టారన్నమాట. దాహానికి ఏ ద్రవమైనా తాగుతుంది. తరువాత ఆ పాలే దాని ప్రాణంమీదికి వస్తాయి. ఈ సంగతి పిల్లలకు బోధించిన నేను, చవితినాడు పుట్టలో పాలుపోసే మా ఆవిడను ఎన్నడూ వారించలేదు. మనుమడు వారించాడు. ఆమె ఒక నిమిషం ఆలోచించి, గిన్నెను దేవుడి ముందుపెట్టి, "సరే, దానికి ఏది ఇష్టమో అదే పెట్టరా" అన్నది.

అయితే దానికి ఇష్టమైనది ఎలుక. శాకాహారుల ఇంట అది చిన్న సమస్య కాదు. అక్కడి దుకాణాలలో చంపి మంచులో గడ్డకట్టించిన ఎలుకలు అమ్ముతారు. మా అమ్మాయి, ఇడ్లీపిండి ఉండే రిఫ్రిజిరేటరులో వాటిని పెట్టడానికి ససేమిరా అన్నది. వాటికోసం గారేజీలో వేరే చిన్నపెట్టె ఉన్నది. ఆచారం మాట ఎలా ఉన్నా ఆరోగ్యశాస్త్రం కూడా ఆమె పక్షమే. పాములవల్లా ఎలుకలవల్లా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకవచ్చు. పామును ముట్టినప్పుడల్లా సబ్బుతో చేతులు కడగాలి. బ్రతికిన ఎలుకను ఎందుకు వదలరని అడిగాను. ఆకలిలేని పాము ముందు బ్రతికిన ఎలుకను వదిలితే, ఎలుకే పామును కొరికి గాయపరుస్తుందట.

సోమవారం శేషు భోజనదినం. అది కార్తికమాసం కావడంచేత మా ఆవిడకు అదే ఉపవాసదినం. నవంబరు 27న మొదటి ప్రయత్నం. గడ్డ కరిగించిన ఎలుకను పొడవాటి పటకారుతో పట్టుకొని మనుమడు గూటి ముందు ఆడించాడు. శేషు తల వెనక్కు లాగుకొని బంతి చుట్టుకుపోయింది. డిసెంబరు 4న మరికొంత చిన్న ఎలుకను గూటివాకిట పెట్టి, దీపం ఆర్పి, తెల్లవారేదాకా వదిలాము. ఉదయానికి అది అక్కడే ఉన్నది. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు, పారవేశాము. బరువు 579 గ్రాములు. గీతకు ఇక మూడు గ్రాములే మిగిలింది. ఆ సాయంత్రం మనుమడు పెట్టె అడుగున ఉన్న అట్టమీద దుకాణంవారి చిరునామా వ్రాసుకుంటూ కనిపించాడు. నేను చూడనట్లు ఊరుకున్నాను.

మరునాడు డాక్టరుకు టెలిఫోను చేస్తే ఆమె ఇలా అన్నది: పాము కంటితోకన్న నాలుకతో ఎక్కువ చూస్తుంది. చీలిన నాలుక గాలిలోని వాసనకణాలను పట్టి, అంగిట్లోని జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. పైగా ఈ జాతి పై పెదవి వెంట చిన్నగుంటలున్నాయి; అవి చీకటిలో వేడిని పసికడతాయి. కనుక చల్లని, వాసన మారిన ఎలుక దానికి రాయితో సమానం. ఆఫ్రికాలో దీని ఆహారంలో జెర్బిల్ అనే పొడినేలల ఎలుక కూడా ఒకటి. ఆ వాసన చూపండి, వేడి చూపండి. మన రాచనాగు విషయంలోనూ ఇటువంటి ఉపాయమే ఉన్నది. అడవిలో పాములనే తినే ఆ నాగు జంతుప్రదర్శనశాలలో ఎలుకను ముట్టకపోతే, ఎలుకకు పాము వాసన పట్టిస్తారు.

మనుమడి తరగతిలో ఒక పిల్లవాడు జెర్బిల్‌ను పెంచుతున్నాడు. దాని పక్కలోని గడ్డిని గుప్పెడు అడిగి తెచ్చాడు. డిసెంబరు 11, కార్తికంలో చివరి సోమవారం. ఎలుకను ఆ గడ్డిలో దొర్లించి, వెచ్చనినీటి సంచిమధ్య ఉంచి, తలవైపు మరికొంచెం వేడిచేశాము. గదిలో దీపం ఆర్పాము. నడవాలోని వెలుగు సన్నగా పడుతున్నది. పటకారు కదలకుండా మనుమడు పట్టుకొని కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు. గూటిలోనుంచి నాలుక ఒకసారి వచ్చి పోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి త్వరత్వరగా. మెడ సన్నగా వంకరతిరిగింది. అంతే, దెబ్బ ఎప్పుడు పడిందో నా కంటికి అందలేదు. చూసేసరికి ఎలుకచుట్టూ మూడు చుట్లు ఉన్నాయి.

మింగడం మాత్రం నింపాదిగా సాగింది. పాము దవడ ఊడిపోతుందని మనవాళ్లంటారు గాని, నిజానికి కింది దవడ రెండు పాయలూ ముందు అతికిలేవు; సాగే నరంతో కలిసి ఉన్నాయి. ఒకపాయ తరువాత ఒకపాయ ముందుకు నడుస్తుంది. నోరు నిండినా ఊపిరాడేటట్లు గాలిగొట్టం మూతి బయటికి వస్తుంది. పాఠ్యపుస్తకంలో నేను నల్లబల్లమీద గీసిన బొమ్మ కళ్లముందు కదులుతున్నది. వెనక్కు తిరిగి చూస్తే తలుపుదగ్గర అల్లుడు కూడా నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో!

98 రోజుల ఉపవాసం ముగిసింది. రెండురోజులు ఎవరూ ముట్టుకోవద్దని మనుమడు తలుపుకు కాగితం అంటించాడు. అది వట్టి ముచ్చటకాదు. భోజనమైన పాము శరీరంలో పెద్ద కర్మాగారమే మొదలవుతుంది. బర్మా కొండచిలువలో తిన్న రెండురోజులలోనే గుండె కండరం నూటికి 40 వంతులు పెరుగుతుందని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అరుగుదల ముగిశాక మళ్లీ తగ్గుతుంది. ఆ సమయంలో పాముకు కావలసినవి వెచ్చదనమూ ఏకాంతమూను.

వేడి పనిచేసిందా, చీకటి పనిచేసిందా, జెర్బిల్ గడ్డి పనిచేసిందా, లేక దాని ఉపవాసకాలమే తీరిందా? చెప్పలేము. అన్నీ ఒక్కసారి మార్చినవాడు ఏది ఫలించిందో చెప్పడం శాస్త్రం కాదు. ఆ మాట మనుమడే తన నోటుపుస్తకంలో వ్రాసుకున్నాడు. మంచి విద్యార్థి.

ఇది చదివి మన పిల్లలెవరూ పామును ఇంటికి తేవాలని ముచ్చటపడకూడదు. మన దేశపు పాములను పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లోకి పాము వస్తే దూరంగా నిలబడి అటవీశాఖవారికి కబురుచేయడమే తగిన పని. పెంచేవారి దేశాలలో కూడా ఇది ఏడాదితో తీరే ముచ్చటకాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు 1961లో వచ్చిన ఈ జాతి పాము ఒకటి 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికి దానికి 60 ఏళ్లు దాటాయని అంచనా. తెచ్చుకున్నవాడు తన వార్ధక్యందాకా దానికి ఎలుకలు పెట్టవలసి ఉంటుందన్నమాట.

నేను తిరిగి బయలుదేరేనాటికి శేషు 640 గ్రాములకు చేరలేదు గాని, నాలుగుసార్లు తిన్నది. విమానాశ్రయంలో మనుమడు, "తాతయ్యా, మీ బడిలో పాఠం వినని పిల్లలుంటే ఏం చేసేవారు?" అని అడిగాడు. బెత్తం పట్టిన రోజులు గుర్తుకు వచ్చాయి. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "గది వెచ్చగా ఉన్నదో లేదో చూడవలసింది" అన్నాను చివరికి.